తుపాను సాయం మూడు వారాల తర్వాత ఏమైందో ఎవరు చూస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

అక్టోబరు దగ్గరపడితే ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో అందరి కళ్లూ బంగాళాఖాతం మీదే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి కొండల్లోకి వచ్చిపడింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం వైపు వచ్చింది. తుపాను వెళ్లిన వారానికల్లా లారీలు వస్తాయి. బియ్యం, టార్పాలిన్లు, బకెట్లు దిగుతాయి. ‘ఇన్ని వేల కుటుంబాలకు కిట్లు పంపిణీ’ అని వార్త వస్తుంది. లెక్క అక్కడితో ఆగిపోతోంది. ఆ కిట్టు ఎవరికి చేరలేదు, చేరినవాళ్లకు ఎన్నాళ్లు సరిపోయింది, ఇచ్చిన టార్పాలిన్ ఇప్పుడు కప్పు మీద ఉందా లేదా అన్నది చాలాచోట్ల ఎవరూ మళ్లీ వెళ్లి చూడటం లేదు. మేము సహాయ ప్రాజెక్టుల పర్యవేక్షణ, మూల్యాంకనం పనిలో ఉన్నవాళ్లం. ఈ రెండో లెక్క తీయడం పెద్ద సంస్థలకే సాధ్యమైన పని కాదు. యువజన సంఘం, పంచాయతీ వార్డు సభ్యులు, గుడి ట్రస్టు కూడా చేయగలవు. ఎలా చేయాలో, ఎక్కడ తప్పుతుందో రాస్తున్నాం.

పర్యవేక్షణ అంటే పని నడుస్తుండగానే సరుకు, సమయం, మనుషులు అనుకున్నట్టు ఉన్నాయా అని చూసుకుంటూ దిద్దుకోవడం. మూల్యాంకనం అంటే కొంత కాలం గడిచాక ఆ పని వల్ల జనం బతుకులో ఏం మారిందో తేల్చడం. రెండింటికీ పునాది ఒకటే. పంపిణీకి ముందే ‘ఏం జరిగితే ఈ సాయం పనిచేసినట్టు?’ అని కాగితం మీద రాసుకోవాలి. ఎంత, ఎవరికి, ఎప్పటిలోగా, ఏ నాణ్యతతో అన్న నాలుగూ అందులో ఉండాలి. ‘కుటుంబాలకు ఆశ్రయం కల్పించడం’ అని రాస్తే ఆర్నెల్ల తర్వాత కొలవడానికి ఏమీ ఉండదు. ‘ఇల్లు కూలిన కుటుంబాల్లో నూటికి తొంభై, పది రోజుల్లోగా, మనిషికి 3.5 చదరపు మీటర్ల తడవని చోట పడుకోగలగాలి’ అని రాస్తే ఎవరైనా టేపు పట్టుకెళ్లి చూడొచ్చు.

ఆ 3.5 చదరపు మీటర్లు మేము కల్పించింది కాదు. సహాయ సంస్థలు 1997 నుంచి కలిసి రూపొందించుకుంటూ వచ్చిన స్ఫియర్ కనీస ప్రమాణాల్లో ఉంది. నీళ్లు మనిషికి రోజుకు 15 లీటర్లు, ఒక్కో కుళాయికి 250 మందికి మించకుండా, ఇంటి నుంచి 500 మీటర్ల లోపు. ఆహారం మనిషికి రోజుకు 2,100 కిలోకేలరీలు. మరుగుదొడ్డి మొదట్లో 50 మందికి ఒకటి, పరిస్థితి కుదుటపడ్డాక 20 మందికి ఒకటి. ఈ అంకెలు దగ్గరుంటే సాయం లెక్క ఒక్కసారిగా వేరేగా కనిపిస్తుంది. 5,000 లీటర్ల ట్యాంకరు రోజుకొకసారి వస్తే 333 మందికి సరిపోతుంది, వెయ్యి మంది ఉన్న ఊరికి చాలదు. అయిదుగురున్న ఇంటికి 25 కిలోల బియ్యం ఇచ్చారనుకోండి. మనిషికి రోజుకు 400 గ్రాముల చొప్పున పన్నెండున్నర రోజులు వస్తుంది. ఆ 400 గ్రాముల్లో ఉండే శక్తి సుమారు 1,400 కిలోకేలరీలే. మిగతా 700 పప్పు, నూనె, దుంపల నుంచి రావాలి. అవి కొనడానికి ఇంట్లో డబ్బుందా అని అడగకుండా ‘నెల రోజుల రేషన్ ఇచ్చాం’ అని రాయడం సరికాదు.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఎవరిని అడగాలన్న దగ్గర. పంపిణీ అయిన రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్లీ వెళ్లి ఇళ్లు తిరగడమే ఈ పనికి ప్రాణం. అంతకంటే ముందు వెళితే సరుకు ఇంకా వాడి ఉండరు, బాగా ఆలస్యమైతే ఏది ఎవరిచ్చారో మరిచిపోతారు. కానీ చాలామంది లబ్ధిదారుల జాబితా పట్టుకుని అందులోంచే ఇళ్లు ఎంచుకుంటారు. అలా వెళితే జాబితాలో లేనివాళ్లు ఎప్పటికీ కనబడరు. అర్హులై ఉండీ వదిలిపోయినవాళ్లను పట్టుకోవాలంటే ఊళ్లోని అన్ని ఇళ్ల నుంచీ ఎంచుకోవాలి. అంగన్‌వాడీ సర్వే పుస్తకం గాని, ఓటరు జాబితాతో సరిచూసుకున్న వీధి పటం గాని ఇందుకు పనికొస్తుంది.

ఎన్ని ఇళ్లు చూడాలంటే, ఊళ్లన్నీ కలిపి చీటీలు వేసి ఎంచుకుంటే నూరు దాకా చాలు. మొత్తం ఇళ్లు 1,200 అయినా 12,000 అయినా 96 ఇళ్లు చూస్తే వచ్చే ఫలితం, నూటికి తొంభై అయిదు సార్లు, అసలు అంకెకు అటూ ఇటూ పది శాతం లోపే ఉంటుంది. అయితే మన దగ్గర ఊరి తర్వాత ఊరుగా తిరుగుతాం. ఒకే ఊళ్లో ఇరుగుపొరుగు పరిస్థితి ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ సంఖ్యను రెట్టింపు చేసుకోవాలి. పది ఊళ్లలో ఇరవయ్యేసి ఇళ్ల కంటే ఇరవై ఊళ్లలో పదేసి ఇళ్లు చూడటం మేలు. ఊళ్లో ఇళ్లు 120 ఉంటే ప్రతి పన్నెండో ఇల్లు. ఎక్కడ మొదలెట్టాలో 1 నుంచి 12 లోపు చీటీ తీసి తేల్చండి. రోడ్డు పక్క మొదటి ఇంటితో మొదలెట్టొద్దు. రోడ్డు పక్క ఇళ్లకు సాయం ముందే అందుతుంది, చివరి వాడకు అందదు.

తాళం వేసిన ఇల్లు వస్తే ఏం చేయాలన్నది గంజాంలో ప్రత్యేకంగా ఆలోచించాలి. ఇక్కడి నుంచి సూరత్ మిల్లులకు వలస వెళ్లినవాళ్లు ఎక్కువ. తాళం చూసి పక్కింటికి వెళ్లిపోతే సర్వే అంతా ఊళ్లో ఉన్నవాళ్లదే అవుతుంది. వలస వెళ్లిన కుటుంబం పేరు మీద సరుకు ఎవరు తీసుకున్నారో ఎప్పటికీ తేలదు. వేరే రోజు, వేరే వేళలో మరోసారి వెళ్లండి. అప్పటికీ తాళమే ఉంటే ‘తాళం’ అని రాసి వదిలేయండి, మరో ఇల్లు చేర్చొద్దు. అందుకే ముందే పదో వంతు ఎక్కువ ఇళ్లు ఎంచుకోవాలి. సంత రోజున కొండ ఊళ్లకు వెళ్లొద్దు. తీరంలో తెలుగు మత్స్యకారుల పేటల్లో పొద్దున్నే వెళితే మగవాళ్లు వేటలో, ఆడవాళ్లు చేపలమ్మకంలో ఉంటారు. ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలే దొరుకుతారు.

సరుకు పంచిన మనిషే వచ్చి ‘సాయం బాగుందా?’ అని అడిగితే ‘బాగుంది బాబూ’ అనే అంటారు, ఇంకేమంటారు? మళ్లీ ఇస్తారో ఇవ్వరో అన్న భయం వాళ్లది. అడిగేవాళ్లు వేరేవాళ్లయి ఉండాలి, పక్కన వార్డు సభ్యుడో పెద్దమనిషో నిలబడకూడదు, ఆడవాళ్లతో మాట్లాడటానికి ఆడవాళ్లే వెళ్లాలి. ప్రశ్నలు అభిప్రాయం మీద కాకుండా జరిగిన పని మీద ఉండాలి. ఏమేం అందాయి? ఏ రోజు? ఇంటికి మోసుకురావడానికి ఆటోకి ఎంతయింది? జాబితాలో పేరు రాయడానికి ఎవరైనా ఏమైనా అడిగారా? ఇప్పుడు ఎంత మిగిలింది? నగదు సాయమైతే ఖాతాలో పడిన తేదీ కాదు, చేతికి వచ్చిన తేదీ అడగండి. బ్యాంకుకి ఎన్నిసార్లు తిరిగారు, కమీషన్ పేరుతో ఎంత పోయింది అన్నది కూడా.

కళ్లతో చూడగలిగినదాన్ని నోటితో అడగొద్దు. బియ్యం మూట ఇంకా విప్పకపోతే వేలాడే కాటా మీద తూచండి. టార్పాలిన్ ఎక్కడుందో చూపించమనండి. 4 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవున్న సహాయ టార్పాలిన్ పరిచి కొలిస్తే 24 చదరపు మీటర్లు ఉంటుంది. వాలు కప్పు మీద వేసి అంచులు మడిచి కట్టాక దాని కింద మిగిలే చోటు అంతకంటే బాగా తక్కువ. బజారులో దొరికే పల్చటివైతే తాడు కట్టిన కంతల దగ్గరే ముందు చిరుగుతాయి, కాబట్టి అంచులు చూడండి. ధాన్యం ఆరబెట్టుకోవడానికి వాడుతుంటే దాన్ని దుర్వినియోగం అని రాయకండి. ఆ ఇంటికి కప్పు కంటే పంట కాపాడుకోవడం ముఖ్యమైందని తెలుస్తోంది, మన అంచనా తప్పిందని అర్థం.

క్లోరిన్ బిళ్ళల విషయం ఇంకా సూటిగా ఉంటుంది. ‘వాడుతున్నారా?’ అంటే అందరూ అవుననే అంటారు. తాగే బిందెలోంచి నీళ్లు తీసి పరీక్ష కిట్‌తో చూస్తే నిజం తెలుస్తుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. కుళాయి దగ్గర 0.5 ఉండి బిందెలో ఏమీ లేకపోతే లోపం బిందెలోనో, మూత లేకపోవడంలోనో, రోజంతా నిల్వ ఉంచడంలోనో ఉంది. 20 లీటర్లకు సరిపోయే బిళ్ళను 10 లీటర్ల బిందెలో వేస్తే వాసనకు తాగలేక పారబోస్తారు, ఆ తర్వాత బిళ్ళలు అటకెక్కుతాయి. కిట్లో బిళ్ళతో పాటు దానికి తగిన పాత్ర కూడా పెట్టారా అన్నది అందుకే చూడాలి.

తీరానికి రాసిన ప్రశ్నల పట్టీ కొండలకు పనికిరాదు. తిత్లీలో గజపతి జిల్లాలో ప్రాణాలు తీసింది ప్రధానంగా కొండచరియలు, వరదలు. మోహన, గుమ్మ, ఆర్.ఉదయగిరి వైపు ఊళ్లలో ఇల్లు నిలిచిందా అన్నదానితో పాటు దారి ఉందా, ఊటనీరు బురద పట్టిందా, పోడు గట్టు జారిందా అనీ అడగాలి. సవర, కుయి మాట్లాడేవాళ్ల దగ్గరికి ఒడియా ఫారం తీసుకెళ్లి, అడిగేవాళ్లు అక్కడికక్కడ నోటికొచ్చినట్టు మార్చి చెబితే ఒక్కో ఇంట్లో ఒక్కో ప్రశ్న అవుతుంది. ప్రశ్నలను ముందే ఆ భాషలో స్థిరం చేసి, నాలుగైదు ఇళ్లలో అడిగి చూసి మొదలెట్టాలి.

ఇక మొక్కల పంపిణీ. జీడి, కొబ్బరి తోటలు పోయినచోట ‘ఇన్ని మొక్కలు ఇచ్చాం’ అన్న అంకెకు విలువ తక్కువ. జీడి కాపుకు మూడు నాలుగేళ్లు, నాటు కొబ్బరికి ఆరేడేళ్లు పడుతుంది. మొదటి ఎండాకాలం దాటాక, జూన్‌లో, ఎన్ని బతికున్నాయో లెక్కపెట్టండి. చచ్చినవాటికి కారణం రాయండి: నీళ్లా, పశువులా, చెదలా, నర్సరీలోనే వేరు చుట్టుకుపోయిందా. అప్పుడే మరుసటి ఏడాది మొక్కలు ఇవ్వాలో, కంచెకు డబ్బు ఇవ్వాలో తెలుస్తుంది.

సరిహద్దులో ఉన్న చిక్కు వేరేచోట ఉండదు. ఇల్లు ఒడిశాలో, పొలం శ్రీకాకుళం వైపు ఉన్న కుటుంబం రెండు జాబితాల్లోనూ ఉండొచ్చు, రెండింట్లోనూ లేకపోవచ్చు. కొరాపుట్ జిల్లా కొఠియా ఊళ్లలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న కుటుంబాలున్నాయి. ‘అటువైపు నుంచి ఏమైనా అందిందా?’ అన్న ప్రశ్న శిక్షించడానికి కాదని ముందే చెప్పి అడగాలి, లేదంటే ఎవరూ నిజం చెప్పరు.

సర్వేకి కోబో లాంటి ఉచిత యాప్ చాలు, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. నలభై ప్రశ్నల ఫారం ఆరు నిమిషాల్లో పూర్తయినట్టు ఫోన్ చూపిస్తే అది చెట్టు కింద కూర్చుని నింపిందే. పదింటిలో ఒక ఇంటికి వేరే మనిషి వెళ్లి మూడు ప్రశ్నలు మళ్లీ అడగాలి. ఆధార్ నంబర్లు సేకరించొద్దు, ఈ పనికి వాటి అవసరం లేదు. ఈ మొత్తానికి ప్రాజెక్టు ఖర్చులో మూడు నుంచి అయిదు శాతం ముందే పక్కన పెట్టుకోవాలి. చివర్లో మిగిలితే చూద్దాం అనుకుంటే ఏమీ మిగలదు.

ఫిర్యాదుల పెట్టె పెట్టి, తాళంచెవి పంచినవాళ్లకే ఇస్తే అందులో కాగితాలు పడవు. ‘ఫిర్యాదులు సున్నా’ అని నివేదికలో గొప్పగా రాస్తుంటారు. వేల ఇళ్లకు సరుకు పంచినచోట సున్నా వస్తే జనానికి దారి తెలియలేదనో, భయపడ్డారనో మేము అనుకుంటాం. రిజిస్టరులో ఫిర్యాదు తేదీ పక్కన జవాబిచ్చిన తేదీకి గడి ఉండాలి. సాయం ఇస్తామని ఆడవాళ్లను వేధించిన ఫిర్యాదులు ఊరి కమిటీకి వెళ్లకూడదు, బయట ఉన్న ఒకే ఒక్క బాధ్యురాలికి నేరుగా చేరాలి.

జాబితానూ, తర్వాత సర్వే ఫలితాన్నీ పల్లిసభలో (ఒడిశాలో ఊరివాళ్లంతా కూర్చునే సభ) పైకి చదవాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పేదరిక నిర్మూలన పథకాల లబ్ధిదారులను గుర్తించే బాధ్యత 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ చట్టం) గ్రామసభకే ఇచ్చింది. ప్రైవేటు సాయం ఆ చట్టం కిందికి రాకపోయినా ఆ పద్ధతి పాటించడానికి అడ్డేమీ లేదు. పేర్లు పైకి చదివిన అరగంటలో బయటపడే తప్పులు కంప్యూటర్లో నెల రోజులు వెతికినా దొరకవు.

మీ విలేకరులకు మా మనవి. పంపిణీ వార్త రాసేటప్పుడు ఆ సంస్థను రెండు ప్రశ్నలు అడిగి, జవాబులు కూడా వార్తలోనే వేయండి: మళ్లీ ఇళ్లకు వెళ్లేది ఏ తేదీన? వెళ్లేది ఎవరు? ఆ తేదీ దాటాక ఫలితం అడిగి జిల్లా పేజీలో మరో చిన్న వార్త వేయండి.

— సహాయ ప్రాజెక్టుల పర్యవేక్షణలో పనిచేస్తున్న కొందరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా