టెక్స్ట్ కన్సోల్‌లో మౌస్ పనిచేయని సిస్టమ్‌ల గురించి ఫిర్యాదు

నరసరావుపేట,
9 మార్చి 2026.

మేనేజర్ గారికి,
కస్టమర్ సర్వీసు విభాగం.

విషయం: నవంబరులో మీ దగ్గర కొన్న ఐదు బిల్లింగ్ సిస్టమ్‌లలో మౌస్ పనిచేయకపోవడం, మా దగ్గర వసూలు చేసిన విజిట్ ఛార్జీల వాపసు గురించి.

అయ్యా,

మాది మందుల హోల్‌సేల్ ఏజెన్సీ. పోయిన నవంబరు 14న మీ కంపెనీ నుంచి లినక్స్ టెక్స్ట్ కన్సోల్ (బొమ్మలూ విండోలూ లేకుండా అక్షరాలు మాత్రమే కనిపించే తెర) మీద నడిచే ఐదు సిస్టమ్‌లు తీసుకున్నాం. మీ కొటేషన్ రెండో పేజీలో "టెక్స్ట్ కన్సోల్‌లో మౌస్ సౌకర్యం కలదు" అని ఉంది. వేరే కొటేషన్లు ఉన్నా ఆ ఒక్క లైను చూసే మీకు ఆర్డరిచ్చాం. నాలుగు నెలలు కావస్తోంది. మీరు బిగించి వెళ్లినది బిగించినట్టుగా ఐదింటిలో ఒక్కదానిలో కూడా మౌస్ కదలలేదు.

"కీబోర్డుతో నడిచే ప్రోగ్రాముకు మౌస్ దేనికండీ?" అని మీ హెల్ప్‌లైన్‌లో ముగ్గురు నన్ను అడిగారు. కాబట్టి ముందు అదే చెప్తాను.

మాకు సరుకు పంపే కంపెనీల ఇన్వాయిసులు టెక్స్ట్ ఫైళ్లుగా వస్తాయి. బిల్లింగ్ మొదటి కన్సోల్‌లో, ఇన్వాయిసు రెండో కన్సోల్‌లో తెరిచి పెట్టుకుంటాం. ఆల్ట్‌తో ఎఫ్‌1, ఎఫ్‌2 నొక్కుతూ అటూ ఇటూ మారతాం. టెక్స్ట్ కన్సోల్‌లో మౌస్‌ని పనిచేయించే జీపీఎం అనే ప్రోగ్రాము నడుస్తుంటే రెండో కన్సోల్‌లో బ్యాచ్ నంబరు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే చాలు, ఆ మాట మొత్తం సెలెక్ట్ అవుతుంది. మొదటి కన్సోల్‌కి వచ్చి మధ్య బటన్ నొక్కితే అక్కడ పడుతుంది. మా పాత సిస్టమ్‌లలో ఏళ్ల తరబడి ఇలాగే చేశాం. ఇప్పుడు మా దగ్గర 19 ఏళ్లుగా బిల్లింగ్ చూస్తున్న అక్క, కళ్లజోడు పైకి జరుపుకుని, ఒక్కో బ్యాచ్ నంబరూ చీటీ మీద రాసుకుని, కన్సోల్ మార్చి, చీటీ చూసి కొడుతున్నారు. ఇన్వాయిసుకు అరవై, డెబ్బై లైన్లుంటాయి. సాయంత్రానికి ఆవిడ టేబుల్ మీద చీటీలు గుట్ట పడుతున్నాయి.

ఇంగ్లిషు ఓ అక్షరానికీ సున్నాకీ, ఐకీ ఒకటికీ తేడా చీటీ మీద ఏం తెలుస్తుంది? ఫిబ్రవరిలో ఒక షాపు వాళ్లు ఎక్స్‌పైరీ అయిన దగ్గు సిరప్ 40 సీసాలు తిరిగి పంపారు. మా బిల్లులో బ్యాచ్ ఒక్క అక్షరం తేడాగా ఉందని కంపెనీ ఆ సరుకు వెనక్కి తీసుకోలేదు. రూ. 3,860 మా మీద పడింది. డబ్బు సంగతి పక్కన పెడతాను. నాణ్యత లేదని తేలిన మందుల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా బ్యాచ్ నంబర్లతో సహా ప్రకటిస్తుంది. ఆ బ్యాచ్ మేం ఏ షాపుకి పంపామో మా బిల్లులే చెప్పాలి. అక్కడ నంబరు తప్పుంటే ఆ మందు ఏ ఇంట్లో ఉందో మాకు తెలియదు. రాత్రిళ్లు నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ సంగతే.

ఇక మీ సర్వీసు గురించి. డిసెంబరు 3న మీ ఇంజనీరు వచ్చారు. మౌస్ పీకి తన ల్యాప్‌టాప్‌కి పెట్టుకుంటే పనిచేసింది. అయినా "మౌస్ పాడైంది" అని రాసి, రూ. 480కి కొత్తది ఇచ్చి, రూ. 750 విజిట్ ఛార్జీ తీసుకున్నారు. కొత్త మౌస్ కూడా కదలలేదు. జనవరి 20న ఇంకొకరు వచ్చి, ఇందులో గ్రాఫికల్ డెస్క్‌టాప్ వేయించుకోండి, దానికి ర్యామ్ పెంచాలి అని కొటేషన్ రాసిచ్చి, ఇంకో రూ. 750 తీసుకున్నారు. రెండుసార్లూ సిస్టమ్‌లు వారంటీలోనే ఉన్నాయి. ఇద్దరిలో ఒక్కరైనా జీపీఎం లాగ్ (ఏం జరిగిందో ఆ ప్రోగ్రాము రాసుకునే చిట్టా) తెరిచి చూడలేదు.

చివరికి ఒక ఆదివారం నేనూ, డిప్లొమా చదువుతున్న మా మేనల్లుడూ కూర్చున్నాం. జీపీఎం సర్వీసు స్టేటస్ అడిగితే మొదలవగానే ఆగిపోయినట్టు చూపించింది. డెవ్ కింద ఇన్‌పుట్ డైరెక్టరీలో, మౌస్ కదలికలు అందించే మైస్ అనే ఫైలు తెరవలేకపోయానని కారణం కూడా అక్కడే రాసి ఉంది. ఆ డైరెక్టరీలో చూశాం. కీబోర్డు, మౌస్ లాంటి పరికరాలకు ఒక్కొక్కటిగా ఉండే ఈవెంట్ ఫైళ్లన్నీ ఉన్నాయి, మైస్ ఒక్కటే లేదు. వాటిలో ఈవెంట్ 4ని, ఫైల్లో ఉన్నది తెర మీద చూపించే క్యాట్ కమాండ్‌తో తెరిచి మౌస్ కదిపితే స్క్రీన్ నిండా అర్థం లేని గుర్తులు పరుగెత్తాయి. చెయ్యి ఆపితే ఆగాయి. అంటే మౌస్ బాగుంది, వైరు బాగుంది, యూఎస్‌బీ పోర్టూ బాగుంది.

లినక్స్‌లో ఆ మైస్ ఫైలును తయారుచేసేది, సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోని మౌస్‌డెవ్ అనే భాగం. కెర్నెల్‌కి మాడ్యూళ్లు, అంటే విడి భాగాలు, జతచేసే మోడ్‌ప్రోబ్ కమాండ్‌తో దాన్ని పిలిస్తే అలాంటి మాడ్యూల్ లేదంది. బూట్ డైరెక్టరీలో మీ కెర్నెల్‌లో ఏ భాగాలు ఉన్నాయో చెప్పే కాన్ఫిగ్ ఫైలు తెరిస్తే ఇన్‌పుట్ మౌస్‌డెవ్ లైను దగ్గర "నాట్ సెట్", అంటే చేర్చలేదు అని ఉంది. సైజు తగ్గించడానికి మీరే కెర్నెల్‌లోంచి దాన్ని తీసేశారు. అదే డిస్కులో జీపీఎం పెట్టి, దాని సెట్టింగుల ఫైల్లో మైస్ పేరే రాసిపెట్టారు. ఒక్కసారి ఆన్ చేసి చూసినా మీ ఆఫీసులోనే ఇది బయటపడేది. ఐదు సిస్టమ్‌ల మీదా "పరీక్షించబడినది" అని స్టిక్కరు ఉంది.

మా తంటాలు మేం పడ్డాం. సెట్టింగుల్లో డివైస్‌ని ఈవెంట్ 4గా, టైపుని ఈవెంట్ ఫైళ్లు చదివే ఈవీడెవ్‌గా మార్చి సర్వీసు మళ్లీ స్టార్ట్ చేస్తే, నల్ల తెర మీద అక్షరమంత గడి కదిలింది. అక్క ఒక బ్యాచ్ నంబరు సెలెక్ట్ చేసి, కన్సోల్ మార్చి, మధ్య బటన్ నొక్కి, "వచ్చింది తమ్ముడూ" అన్నారు. మర్నాడు బార్‌కోడ్ స్కానర్ పెట్టి సిస్టమ్ ఆన్ చేసేసరికి స్కానర్ నాలుగో నంబరు తీసుకుంది, మౌస్ ఐదుకి పోయింది. అప్పుడు నంబరుతో పని లేకుండా బై-ఐడీ అనే డైరెక్టరీలో ఉండే మౌస్ పేరుతో రాశాం. రెండు సిస్టమ్‌లలో అది ఆరు రోజులు నిలబడింది. ఏడో రోజు మీ అప్‌డేట్ వచ్చి సెట్టింగుల ఫైలును మీ పాత ఫైలుతో మార్చేసింది. అప్పటినుంచి ప్రతి అప్‌డేట్‌కీ ఇదే తంతు. అప్‌డేట్లు ఆపేద్దామంటే సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా వాటిలోనే వస్తాయని మీవాళ్లే చెప్పారు.

మాడ్యూల్ మేమే తయారుచేసుకుంటాం, కెర్నెల్ సోర్స్ (దాన్ని రాసిన అసలు కోడ్) ఇవ్వండి అని ఫిబ్రవరి 16న మెయిల్ పెట్టాను. అది కంపెనీ రహస్యం, ఇవ్వడం కుదరదు అని జవాబొచ్చింది. లినక్స్ కెర్నెల్ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు రెండో వెర్షన్ కింద వస్తుంది. దాన్ని మార్చి అమ్మినవాళ్లు, కొన్నవాళ్లకి సోర్స్ అందుబాటులో ఉంచాలి. జీపీఎం కూడా అదే లైసెన్సు. ఇటలీకి చెందిన ప్రోగ్రామర్ అలెస్సాండ్రో రూబినీ లాంటి వాళ్లు 1990ల నుంచి రాసి అందరికీ ఇచ్చిన పని ఇది. దాని మీద వ్యాపారం చేసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ అది మీ రహస్యం కాదు.

నేను అడుగుతున్నది ఇది. మౌస్‌డెవ్ చేర్చిన కెర్నెల్‌ను ఐదు సిస్టమ్‌లకూ మీ ఖర్చుతో వేయాలి. మేం మార్చుకున్న సెట్టింగుల ఫైళ్లను ఇకమీదట మీ అప్‌డేట్ ముట్టుకోకూడదు. రెండు విజిట్లవీ, అక్కర్లేని మౌస్‌దీ కలిపి రూ. 1,980 తిరిగివ్వాలి. కెర్నెల్ సోర్స్ పంపాలి. గ్రాఫికల్ డెస్క్‌టాప్ మాకు వద్దు. దయచేసి ఆ కొటేషన్ మళ్లీ పంపకండి.

వర్ణించి అమ్మిన సరుకు ఆ వర్ణనకు తగ్గట్టు ఉండాలని 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. ఈ నెల 24లోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే మా వకీలు గారి ద్వారా నోటీసు వస్తుంది. మీ కొటేషన్ రెండో పేజీ, మూడు రసీదులు, జీపీఎం లాగ్, కాన్ఫిగ్ ఫైల్లోని ఆ లైను ఫొటో ఈ లేఖతో జతచేశాను.

మీ మనిషిని పంపేటట్లయితే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య పంపండి. ఆ వేళ కౌంటరు ఖాళీగా ఉంటుంది. వచ్చేవారికి ఈ లేఖ ముందే చదివించండి. పని అయ్యాక అక్క తన సీట్లో కూర్చుని, ఒక ఇన్వాయిసు మొత్తం మౌస్‌తో ఎక్కించి చూసిన తర్వాతే సర్వీసు రిపోర్టు మీద సంతకం పెడతారు.

ఇట్లు,
యజమాని,
మందుల హోల్‌సేల్ ఏజెన్సీ,
నరసరావుపేట, పల్నాడు జిల్లా.