కారు ధరతోపాటు విడిభాగాల ధరలూ చెప్పాలి

సంపాదకుడికి,

కారు కొనేటప్పుడు మైలేజీ అడుగుతాం, ఆన్‌రోడ్ ధర అడుగుతాం. ఐదేళ్లు తిరిగాక అరిగే భాగాలకు ఎంతవుతుందో అడిగేవాళ్లు తక్కువ. అడిగినా షోరూమ్‌లో సరైన జవాబు రాదు.

ఇంజిన్ గట్టిదైతే కారు మంచిదేనని చాలామంది నమ్మకం. విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌ని అడిగితే మాత్రం, పార్టు దొరుకుతుందా, ఎంతకు దొరుకుతుంది అనే దగ్గరే మొదలుపెడతాడు. టాక్సీలవాళ్లు ఏళ్ల తరబడి అవే రెండు మూడు మోడళ్లు కొనేది ఇందుకే.

గతుకుల్లో మా కారు ముందు చక్రం దగ్గర టకటకమంటుంటే సర్వీస్ సెంటర్‌లో చూపించాను. అరిగింది చక్రాన్ని కారు బాడీకి కలిపే లోయర్ ఆర్మ్‌లో ఉండే బుష్, అంటే అదురు తగ్గించే రబ్బరు ముక్క. అరచేతిలో ఇమిడిపోతుంది. అది విడిగా రాదట, ఆర్మ్ మొత్తం మార్చాలట! ఆటోనగర్‌లో పాత బుష్‌ను ప్రెస్‌తో నొక్కి తీసేసి కొత్తది ఎక్కించారు, చప్పుడు పోయింది. హెడ్‌లైట్లదీ ఇదే వరస. ఒకప్పుడు బల్బు మారిస్తే సరిపోయేది. ఇప్పుడు చాలా మోడళ్లలో ఎల్‌ఈడీ లైటు పోతే యూనిట్ మొత్తం కొనాల్సిందే.

2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ సరిగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, కారులో లోపం కనిపెట్టే స్కానింగ్ పరికరాలు బయటి మెకానిక్‌లకూ అందాలని, పార్టుల ఎంఆర్‌పీలు వెబ్‌సైట్లలో పెట్టాలని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబర్‌లో కంపెనీలు రిపేరు, విడిభాగాల వివరాలు పెట్టే రైట్ టు రిపేర్ పోర్టల్‌ను కేంద్రం తెచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతమే. ఇవన్నీ మంచివే. కానీ బుష్‌ను విడిగా అమ్మనంటే పన్ను తగ్గి ఏం లాభం?

ఫ్రిజ్ మీద కరెంటు స్టార్లు చూసి కొంటున్నాం. కారుకు కూడా అలాంటి కాగితం ఒకటి ఉండాలి. క్లచ్ సెట్, బ్రేక్ ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు, హెడ్‌లైట్, బంపర్, ఏసీ కంప్రెసర్ ధరలు అడ్వాన్స్ కట్టకముందే కొనేవాడి చేతికి రావాలి. మోడల్ ఆపేశాక ఎన్నేళ్లు పార్టులు ఇస్తారో కూడా అందులో రాయాలి. 2017లో జనరల్ మోటార్స్ ఇక్కడ అమ్మకాలు ఆపినప్పుడు, 2021లో ఫోర్డ్ తయారీ ఆపేస్తున్నామని ప్రకటించినప్పుడు ఆ కార్లున్నవాళ్ల టెన్షన్ అంతా దీని గురించే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ కాగితాన్ని తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ