సంక్రాంతికి తాళాలు ఇవ్వలేను

నెల్లూరు మినీ బైపాస్ దగ్గర మా కాంప్లెక్సులో షాపులు బుక్ చేసుకున్న అందరికీ నమస్కారం. సంక్రాంతికి తాళాలు చేతిలో పెడతానన్నాను. పెట్టలేను. ఏప్రిల్ ఆఖరు దాకా పట్టేలా ఉంది. ఈ మాట సూపర్‌వైజర్ నోట కాకుండా నా నోటే వినాలని రాస్తున్నా.

ఆలస్యానికి వానలే కారణమని కొందరికి ఫోనులో చెప్పాను. అది సగమే నిజం. మనకు గట్టి వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య అని ఊళ్లో చిన్నపిల్లాడికీ తెలుసు. కింద బండ్లు పెట్టుకునే సెల్లారు జూన్‌లో తవ్వి, దసరా లోపు మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్ లేపేయాల్సింది. నేను బ్యాంకు లోను కోసం చూస్తూ కూర్చుని 2024 అక్టోబరులో జేసీబీ దించాను. పదిహేను రోజులకే గుంట చెరువైంది. పక్క స్థలం వాళ్ల ప్రహరీ అందులోకి ఒరిగింది. వాళ్ల గోడ కట్టించి, నీళ్లు తోడి పని మళ్లీ మొదలెట్టేసరికి 2025 సంక్రాంతి దాటింది. పోయిన ఆ మూడు నెలలు మళ్లీ దొరకలేదు.

అసలు సెల్లారే వద్దనుకుంటే పోయేది కదా అని ఒకాయన అడిగారు. స్టోన్‌హౌస్‌పేటలో సిమెంటు, ఐరన్ కొట్టు నడుపుతూ ఈ రంగంలోకి వచ్చినవాణ్ణి నేను. మొదటి కాంప్లెక్సులో ఆశకు పోయి సెల్లారులో కూడా షాపులు పెట్టి అమ్మాను. బండి పెట్టుకునే చోటు లేక పైన బట్టల కొట్టుకు వచ్చేవాళ్లు గేటు దగ్గర్నుంచే వెనక్కి పోయేవాళ్లు. రెండేళ్లకు ఆ కొట్టు ఖాళీ అయింది. ఆ కొట్టాయన ఇప్పటికీ బజార్లో కనిపిస్తే తల తిప్పుకుంటాడు. తిప్పుకోవాల్సింది నేనే.

అప్పట్లో విస్తీర్ణం కూడా మెట్లూ వరండా కలిపి చెప్పేవాణ్ణి. ఇప్పుడు గోడల లోపల మీరు వాడుకునే కార్పెట్ ఏరియా మాత్రమే అగ్రిమెంటులో రాశాను. అంకణాల్లో అడిగే పెద్దవాళ్లు ఆ చదరపు అడుగుల్ని 72తో భాగిస్తే సరిపోతుంది.

2025 సెప్టెంబరులో సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, రేటు తగ్గించమని చాలామంది అడుగుతున్నారు. ఫ్లాట్లు కట్టేవాళ్లకు ఆ తేడా నిజంగా మిగులుతుంది. షాపుల్లో అలా కాదు. మీ దగ్గర తీసుకునే 12 శాతం జీఎస్టీలోంచి, సిమెంటు మీద నేను కట్టిన పన్ను మినహాయించుకుంటాను. 28 ఉన్నప్పుడూ అది నా ఖర్చు కాదు, ఇప్పుడూ కాదు.

మీరు కట్టిన దాంట్లో 70 శాతం రియల్ ఎస్టేట్ చట్టం రెరా ప్రకారం విడి ఖాతాలో వేశాను. ఎంత పని అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు సంతకాలు పెడితేనే అందులోంచి తీయగలను. ఆ కాగితాలు ఎవరడిగినా చూపిస్తా. అగ్రిమెంటులో గడువు మార్చి 31. అది దాటాక ఆలస్యానికి వడ్డీ మీకు రావాలి, ఇస్తాను. వద్దు, డబ్బు వెనక్కివ్వమంటే అది కూడా వడ్డీతోనే.

లోపల ర్యాకులు కొట్టించుకుంటాం, తాళం ముందే ఇవ్వమంటున్నవాళ్లు దయచేసి ఆగండి. భవనం వాడుకోవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకుండా ఎవరికీ ఇవ్వను, మా బావమరిదికి కూడా ఇవ్వలేదు.

ప్రతి ఆదివారం పొద్దున 10 నుంచి సైట్లోనే ఉంటా. లిఫ్ట్ ఇంకా బిగించలేదు, మెట్ల మీద ఇసుక ఉంది, చూసుకుని ఎక్కండి.