అచ్చు తీసుకున్నారు, సోలు ఇవ్వలేదు: వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నెల్లూరు జిల్లా కోవూరు మండలం పాటూరు నుంచి ఒక చేనేత కార్మికుని కూతురు నమస్కరించి రాస్తున్న లేఖ ఇది.

షుగరుతో దెబ్బతిన్న మా నాన్న పాదానికి సరిపోయే సోలు, అంటే చెప్పులో పాదం కింద ఉండే మెత్తటి అడుగు, ఇప్పించమని మేము అర్జీ పెట్టుకున్నాం. దాని మీద ‘పరికరం అందజేయడమైనది, సమస్య పరిష్కారమైనది’ అని రాసి మూసేశారు. ఆ మాట మేము ఒప్పుకోవడం లేదు. మాకు అందిన వస్తువు వేరు, మా నాన్నకు కావలసిన వస్తువు వేరు. ఆ తేడా మీ కాగితాల్లో కనిపించకపోవచ్చు, ఆయన అరికాలు చూస్తే కనిపిస్తుంది.

షుగరు వల్ల నాన్న పాదాల్లో స్పర్శ పోయింది. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో డాక్టరు గారు అరికాలంతా తాకి చూస్తే ఆయనకు ఏమీ తెలియలేదు. బొటనవేలి మొదట్లో, అడుగు వేసినప్పుడు బరువు పడే చోట, ఆనెకాయ కట్టి దాని కింద పుండు పడింది. ఎన్నో కట్లు మార్చాక మానింది. ఆ చోట మళ్లీ బరువు పడితే పుండు తిరగబెడుతుందని, ఎముకకు పాకితే వేలు, ఆపైన పాదం కూడా తీసేయాల్సి రావచ్చని డాక్టరు గారు అప్పుడే హెచ్చరించారు. అందుకు ఆయన రాసింది మాత్రలు కావు. పాదం అచ్చు తీసి, దానికి తగ్గట్టు మలిచిన మెత్తటి సోలు, ఆ సోలు పట్టేంత లోతున్న చెప్పులు.

శిబిరంలో అచ్చు తీసుకున్నారు. నురుగు పెట్టెలో పాదం దించి ఒత్తితే వేళ్లు, మడమ, ఆ పుండు మచ్చ దగ్గరి ఎత్తు కూడా అందులో దిగాయి. మేము నమ్మాం. నెలల తరబడి ఎదురుచూశాం. చివరికి వచ్చినవి అంగడిలో దొరికే 8వ నంబరు సోళ్లు! అట్టముక్కలా చదునుగా ఉన్నాయి. బరువు తగలకూడని చోట గుంట లేదు, నడుమ ఎత్తు లేదు. ఆ అచ్చు ఏమైందని అడిగితే సమాధానం చెప్పిన వారు లేరు. పైగా అవి బూట్లలో పెట్టుకునేవి. గుంట మగ్గంలో కాళ్లు దించి రోజంతా తొక్కే మనిషికి బూట్లు ఎక్కడివి అయ్యా? కావలసింది వెనక పట్టీ ఉన్న చెప్పులు. స్పర్శ లేని కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియదు. ఒకసారి నాన్న వీధి మలుపు నుంచి ఇంటిదాకా ఒంటి చెప్పుతోనే నడిచి వచ్చారు. వాకిట్లో అమ్మ చూసి చెబితే తప్ప ఆయనకు తెలియలేదు.

పుండు తిరగబెట్టింది, సరిగ్గా అదే చోట.

కుష్ఠు వల్ల స్పర్శ పోయిన వారికి ప్రభుత్వం ఎం.సి.ఆర్. అనే మెత్తటి రబ్బరు చెప్పులు ఇస్తుంది. అవి అడిగితే ఈ జబ్బుకు ఇవ్వబోమన్నారు. వాళ్లకు తగ్గించి మాకు ఇమ్మని మేము అడగం. కానీ స్పర్శ ఏ జబ్బు వల్ల పోయినా పాదం నలగడం ఒకటే కదా? వికలాంగుల పథకం కింద అడిగితే 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం తెమ్మన్నారు. వేళ్లన్నీ ఉన్న మనిషికి ఆ శాతం ఎక్కడి నుంచి వస్తుంది? పాదం పోయాక ఇచ్చే సాయం కన్నా పాదం నిలబెట్టే సాయం మాకు ముఖ్యం. దయచేసి ఈ ఒక్క మాట మీ అధికారులతో మాట్లాడండి.

ఇది మా నాన్న ఒక్కరి బాధే కాదు. మా వీధిలోనే పోలియోతో ఒక కాలు పొట్టిగా ఉన్న ఆయన రబ్బరు ముక్కలు కత్తిరించి చెప్పుకు అంటించుకుంటాడు. నడుము నొప్పితో లేవలేని రోజులు ఆయనకు మామూలే. పాదం చదునుగా ఉండి కాళ్లు నొప్పులని ఏడ్చే పిల్లలకు సోలు చేయిస్తే పాదం పెరిగే కొద్దీ కొత్తది కావాలి. పెద్దవాళ్లకైనా అరిగిపోతే మార్చాలి. ఒకసారి పంచి ఫొటో తీసుకుంటే ముగిసే పని కాదిది. ప్రతిసారీ తిరుపతికో చెన్నైకో వెళ్లాలంటే ఆ రోజుల నేత కూలి పోతుంది. ప్రైవేటులో చేయించుకోవాలంటే వేల రూపాయలు.

జిల్లాలోనే ప్రభుత్వ ఆసుపత్రిలో అచ్చు తీసి సోలు మలిచే చిన్న పనిశాల పెట్టించండి. ఆ పని చదువుకున్న ఆర్థోటిస్టును నియమించండి. మా ఊళ్లో వేలు గుచ్చి షుగరు చూసే ఆరోగ్య కార్యకర్తల చేత పాదాలు కూడా పరీక్ష చేయించండి. అది కూడా అడుగుతున్నాం, ఎందుకంటే నాన్న అరికాలు ముందే ఎవరైనా చూసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

మూసేసిన మా అర్జీని తెరిపించండి. నాన్న ఇప్పుడు మళ్లీ కట్టుతో మంచం మీద ఉన్నారు, మగ్గం ఆగిపోయింది. పుండు మానే నాటికి ఆయన పాదానికి సరిపోయే సోలు సిద్ధంగా ఉండాలి. ఈసారి సోలు చేసిన మనిషే దాన్ని తొడిగి, నాలుగు అడుగులు నడిపించి, పాత పుండు చోట తగలడం లేదని చూసి పంపాలి. అంతవరకు ‘పరిష్కారమైనది’ అని ఎవరూ రాయవద్దని మీరే ఆదేశించండి.

ఇట్లు,
పాటూరు చేనేత కార్మికుని కుమార్తె