డోర్నకల్ ట్రిప్ గురించి నాలుగు మాటలు

ప్రియమైన తల్లిదండ్రులకు ప్రభువు నామంలో వందనాలు.

సెప్టెంబరు 3న ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను రైల్లో డోర్నకల్ కెథడ్రల్‌కు తీసుకెళ్లాల్సింది. 1వ తేదీ తెల్లవారేసరికి వరదకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. అప్పటి నుంచి వాట్సాప్ గ్రూపులో రెండు మాటలు తిరుగుతున్నాయి. ఇంత ప్రార్థన చేసినా దేవుడు వినలేదని కొందరు, మన పిల్లలను కాపాడడానికే ట్రిప్ ఆపాడని కొందరు. దయచేసి ఈ రెండో మాట కూడా పిల్లలకు చెప్పకండి. అదే వానకు మహబూబాబాద్, ఖమ్మం వైపు ఇళ్లు మునిగాయి, ప్రాణాలు పోయాయి. వాళ్లను దేవుడు మరిచిపోయాడనా పిల్లలు అనుకోవాలి? ఎందుకు జరిగిందో మనకు తెలియదు. తెలియకపోయినా ఆయన మంచివాడని నమ్ముతాం.

ఈ నమ్మకం బడిలో నేర్పితే వచ్చేది కాదు. రాత్రి కుటుంబ ప్రార్థనలో రావాలి. బైబిల్లో చూడండి, అపొస్తలుడు పౌలు బితూనియకు పోదామనుకుంటే దారి మూసుకుపోయింది, త్రోయకు దిగి అక్కడి నుంచి మాసిదోనియకు వెళ్లాడు. రోమా మీదుగా స్పెయిన్ వెళ్తానని ఉత్తరం రాశాడు, రోమాకు చేరింది మాత్రం ఖైదీగా! బైబిల్లోని యాకోబు పత్రిక కూడా ప్లాన్లు వేయొద్దనదు, ప్రభువు చిత్తమైతే చేద్దామనుకోమంటుంది. నాన్నకు ట్రాన్స్‌ఫర్ అయినా, వడ్ల పైసలు పడకపోయినా, అక్కకు కుదిరిన సంబంధం తప్పిపోయినా పిల్లలను పక్క గదిలోకి పంపకండి. వాళ్లను కూర్చోబెట్టుకొని, "ప్రభువా, మాకు దారి తెలుస్తలేదు" అని ప్రార్థించండి. అమ్మానాన్నలకు అన్నీ తెలియవని, అయినా ధైర్యంగానే ఉన్నారని పిల్లలు కళ్లారా చూడాలి. పది నిమిషాలు చాలు. ప్రార్థన వేళకు ఇంట్లో సీరియల్ నడుస్తుంటుందని పిల్లలే చెబుతున్నారు కాబట్టి ఇంతగా రాస్తున్నాను.

మన పిల్లలు మాత్రం బంగారం. డోర్నకల్ బిషప్‌గా ఉన్న అజరయ్య గారి గురించి కెథడ్రల్‌లో మాట్లాడాలని తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు సిద్ధమయ్యారు. ఆ ప్రసంగాన్ని మన అసెంబ్లీలోనే, చేతిలో కాగితం లేకుండా చెప్పింది. 1912లో ఆయన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన సంగతి చెబుతుంటే ఒకటో తరగతి పిల్లలు కూడా కదల్లేదు. ఎనిమిదో తరగతి బాబు ఒకడు ట్రిప్ కోసం వాళ్లమ్మ చేసిన మురుకుల డబ్బా తెచ్చి, వరద ఊళ్లకు బియ్యం తీసుకెళ్తున్న చర్చి వాళ్ల చేతిలో పెట్టాడు. ఎవరూ చెప్పలేదు.

ఇంకొక మనవి. ఆరో తరగతి పిల్లవాడి ఐఐటీ సీటు కోసం ఆదివారం ఆరాధన మాన్పించి ట్యూషన్‌కు పంపుతున్న పెద్దలకు, ఆ టెన్షన్ పిల్లవాడి కడుపునొప్పిగా సోమవారం మా ఆఫీసుకు వస్తోందని గౌరవంతో తెలియజేస్తున్నాను.

పరీక్షల టైంటేబుల్, దసరా సెలవుల తేదీలు డైరీలో రాయిస్తాం, ఫీజు బకాయిలు త్వరగా కట్టగలరు.

ట్రిప్ డబ్బులు వాపసు కావాలంటే క్లాస్ టీచరుకు చీటీ పంపండి. లేదంటే, ప్రభువు చిత్తమైతే, సెలవుల తర్వాత వెళ్దాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు