నాయనమ్మ రాయి గురించి

అమ్మా,

ఫోన్లో చెప్పబోతే నువ్వు ఏడుస్తావు, నేను మాట మార్చేస్తాను. అందుకే రాస్తున్నా. ఒంట్లో బాగానే ఉంది. రాత్రి డ్యూటీలు మామూలే. గోంగూర పచ్చడి సీసా పగలకుండా చేరిందని నాన్నకి చెప్పు.

పోయిన ఆదివారం సెలవు. గదిలో ఉంటే పెద్దకర్మ ఫొటోలే చూస్తూ కూర్చుంటానని, న్యూకాజిల్‌లో మెట్రో ఎక్కి ఆఖరి స్టేషన్ సౌత్ షీల్డ్స్‌లో దిగాను. టైన్ నది సముద్రంలో కలిసే చోటు. అక్కడ గుట్ట మీద, ఇళ్ళ మధ్యలో అర్బేయా అని రోమన్ల సరిహద్దు కోట ఉంది. క్రీ.శ. 122లో రోమన్లు సరిహద్దుగా కట్టడం మొదలుపెట్టిన హేడ్రియన్ గోడ నది అవతలి ఒడ్డున ఆగిపోతుంది, ఈ కోట దానికీ తూర్పున. కోట అంటే కొండపల్లిలా ఊహించుకోకు. ముఖద్వారం మళ్ళీ కట్టారు గానీ, మిగతాది చాలామటుకు గడ్డిలో మోకాలెత్తు గోడలే. అందులోనూ ఎక్కువ గాదెలే! 208లో సెవెరస్ చక్రవర్తి స్కాట్లాండ్ మీదికి దండెత్తినప్పుడు సైన్యానికి ధాన్యం ఇక్కడ నిలవ చేశారట. 20కి పైగా కట్టారు. చెమ్మ తగలకుండా, కింద గాలి ఆడేట్టు నేలను ఎత్తులో వేశారు. నాన్నగానీ చూస్తే అక్కణ్ణుంచి కదిలేవారు కాదు.

కమాండర్ ఇల్లు కూడా కొంత తిరిగి కట్టి చూపించారు. అచ్చం మన మండువా ఇల్లే, నడిమధ్య ఆకాశం, చుట్టూ వసారా. ఎండ దేశపు ఇంటిని తెచ్చి ఈ ముసురులో కట్టుకున్నాడు మహానుభావుడు. నవ్వుకున్నాను. తర్వాత, వచ్చిన కొత్తలో నేను ఈ ఊళ్ళో నులక మంచం కోసం వెతికిన సంగతి గుర్తొచ్చింది.

అత్తయ్య మొన్న ఫోన్లో "నాయనమ్మ కంటే వీసా ఎక్కువైందా" అంది. వీసా పొడిగింపు దరఖాస్తు ఇక్కడి ప్రభుత్వం దగ్గరుండగా దేశం దాటితే అది రద్దయినట్టేనమ్మా. నీకు చెప్పాను కదా. ఆమెకి నువ్వే చెప్పు, నేను చెబితే గొడవవుతుంది.

అసలు విషయం ఇది. అక్కడి మ్యూజియంలో ఒక సమాధి రాయి ఉంది. బరాతెస్ అనే అతను భార్య రెజీనాకి పెట్టించాడు. అతనిది సిరియాలోని పాల్మైరా. ఆమెది లండన్‌కి ఉత్తరాన ఉండే కాటువెల్లానీ తెగ. 30 ఏళ్ళకే పోయింది. ఒకప్పుడు అతని బానిసే, విడిపించి పెళ్ళి చేసుకున్నాడు. దానికి ఆమె ఏమనుకుందో మాత్రం రాయి మీద లేదు. పేము కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఒళ్ళో కదురు, పక్కన బుట్టలో ఉన్ని ఉండలు. కార్తీకానికి ముందు నాయనమ్మ వత్తులు చేస్తూ కూర్చున్నట్టే. ముఖం విరిగిపోయింది. ఆఖరి వీడియో కాల్లో నాయనమ్మ ఫోన్ ఎలాగో పట్టుకుని నాకు నుదురొక్కటే చూపించింది, చెల్లి ఎంత సర్దినా.

బొమ్మ కింద లాటిన్‌లో రాసి ఉంది, తప్పులతోనట. దాని కింద ఒకే ఒక్క వరస పాల్మైరా లిపిలో ఉంది. అది మాత్రం తీరుగా చెక్కి ఉంది. ఏముందంటే, "రెజీనా, బరాతెస్ విడిపించిన మనిషి, అయ్యో." అంతే. ఇంగ్లీషులో ఇంకేదో మాట పెట్టారు గానీ, మనకి అది అయ్యోనే కదమ్మా. లాటిన్ ఊళ్ళో వాళ్ళకి. ఈ వరస చదవగలిగినవాళ్ళు ఆ ఊళ్ళో ఎంతమంది ఉండి ఉంటారు? చాలాసేపు అక్కడే నిలబడ్డాను. మళ్ళీ వాన మొదలైంది.

బాబాయి నాయనమ్మ సమాధికి నల్ల గ్రానైట్ మీద బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలు చెక్కిస్తానన్నాడని చెల్లి చెప్పింది. వద్దని ఆయనతో నేను చెప్పలేను, దూరాన ఉండి పెత్తనమా అంటాడు, నిజమే కూడా. ఇంగ్లీషు ఉంటే ఉండనీ. కింద ఒక్క వరసైనా తెలుగులో వేయించమను. ఆధార్ కార్డులో పేరు కాదు, ఊరంతా పిలిచే పేరు. రాయి ఖర్చులో నా వంతు ఒకటో తారీఖున పంపుతాను, నాన్న వద్దంటే వినకు.

చెక్కే ముందు కాగితం మీద రాయించి ఫొటో పంపండి. ఇక్కడ నాకు అర్ధరాత్రయినా సరే, చూస్తాను.

నీ కొడుకు