కిలోల రేటు చెప్పి లీటర్ల డబ్బాలు ఇచ్చిన విషయమై ఫిర్యాదు

పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా
2025 ఏప్రిల్ 21

ప్రాంతీయ మేనేజరు గారికి,
సభ్యుల హోల్‌సేల్ దుకాణాల విభాగం

విషయం: 2025 మార్చి 18న మీ దుకాణంలో నేను కొన్న వంటనూనె పరిమాణంలో తేడా, అదే బిల్లులో పన్ను పొరపాటు, మినపప్పు వాపసు తీసుకోకపోవడం గురించి.

అయ్యా,

నేను పర్లాకిమిడి బజారులో 22 ఏళ్లుగా కిరాణా, జనరల్ దుకాణం నడుపుతున్నాను. మూడేళ్లుగా మీ సంస్థలో సభ్యుణ్ణి. రెండు నెలలకోసారి వ్యాను మాట్లాడుకొని, తెల్లవారుజామునే బయలుదేరి, ఆంధ్ర వైపున్న మీ దుకాణానికి వచ్చి సరుకు తీసుకెళుతున్నాను. నేను కొనేది నా ఒక్కడి కోసం కాదు. నూనె డబ్బాలు మా వీధి చివరి టిఫిను హోటలుకీ, ఒక హాస్టలు మెస్సుకీ, గుణుపురం వైపు పెళ్లిళ్లకు వండే వంట మేస్త్రికీ వెళతాయి. మినపప్పు, పంచదార, బొంబాయి రవ్వ మూటలు విప్పి కిలోల లెక్కన అమ్ముతాను. బట్టల పౌడరు, సబ్బులు, టూత్‌పేస్టు పెట్టెలతో తెస్తే, ఇళ్లవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పెట్టె పంచుకుంటారు. మీ దగ్గర నాకు మిగిలే నాలుగు రూపాయలు ఇంతమంది చేతుల్లో పడతాయి కాబట్టే, ఈ లేఖలో ప్రతి అంకెనూ రెండుసార్లు సరిచూసుకొని రాస్తున్నాను.

మార్చి 16న మీ సిబ్బంది సభ్యులందరికీ వాట్సాప్‌లో పంపిన రేట్ల పట్టికలో 'రిఫైండ్ సన్‌ఫ్లవర్ నూనె, 15 కిలోల డబ్బా, పన్నుతో కలిపి 2,340 రూపాయలు' అని తెలుగులో స్పష్టంగా ఉంది. అప్పటికి సరిహద్దు అవతల, ఆంధ్రలోని పాతపట్నం హోల్‌సేల్ వ్యాపారి 15 కిలోల డబ్బా 2,400 రూపాయలకు ఇస్తున్నారు. ఆయన దుకాణం మాకు వాగు దాటినంత దూరంలోనే ఉంది. డబ్బాకు 60 రూపాయలు తేడా వస్తుందని, ఉగాది, శ్రీరామనవమి ముందున్నాయని, 20 డబ్బాలు ఫోనులోనే చెప్పి పెట్టాను. మార్చి 18న వచ్చేసరికి డబ్బాలు కట్ట కట్టి సిద్ధంగా ఉన్నాయి. 46,800 రూపాయలు చెల్లించి, మిగతా సరుకుతో పాటు వ్యానులోకి ఎక్కించుకున్నాను. డబ్బా తిప్పి చూడకపోవడం నా వైపు అజాగ్రత్తే, ఒప్పుకుంటాను. అయితే మూడేళ్లుగా మీ పట్టికలో రాసినదే నాకు వచ్చింది గనుక, ఆ రోజు అనుమానించవలసిన కారణం కనబడలేదు.

తేడాను ముందు కనిపెట్టింది నేను కాదు, టిఫిను హోటలు నడిపే ఆవిడ. మార్చి 28న ఆవిడ వచ్చి, "అన్నయ్యా, పది రోజులు రావలసిన డబ్బా తొమ్మిదో రోజుకే ఊడ్చుకుపోయింది, ఏం నూనె ఇచ్చావు?" అని అడిగారు. ఏళ్ల తరబడి అదే మూకుడులో పూరీలు వేస్తున్న మనిషి మాట కొట్టిపారేయలేక, సీలు తీయని డబ్బా ఒకటి ఆవిడ ఎదుటే కాటా మీద పెట్టాను. ఖాళీ డబ్బా బరువు తీసివేస్తే నూనె 13 కిలోల 650 గ్రాములే తేలింది. అప్పుడు డబ్బా అంచున ఉన్న చిన్న అక్షరాలు చదివితే, '15 లీటర్లు, 13.65 కిలోలు' అని ఉంది.

నూనె నీళ్లకంటే తేలిక. లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది కాబట్టి 15 లీటర్ల డబ్బాలో 13.65 కిలోలు, 15 కిలోల డబ్బాలో దాదాపు పదహారున్నర లీటర్లు పడతాయి. ఈ రెండు రకాల డబ్బాలూ బజారులో ఉన్నాయి, చూపుకు ఒకేలా ఉంటాయి, రెండింటి మీదా 15 అంకే పెద్దదిగా కనబడుతుంది. మీ పట్టిక ప్రకారం నాకు కిలో 156 రూపాయలు పడాలి. నిజంగా పడినది 171 రూపాయల 43 పైసలు. అంటే గడప దగ్గర 160 రూపాయలకు దొరికే నూనెను వదులుకొని, సభ్యత్వ రుసుమూ వ్యాను కిరాయీ పెట్టుకొని అంత దూరం వచ్చి, కిలోకు 11 రూపాయల పైన ఎక్కువ ఇచ్చాను. డబ్బాకు 1.35 కిలోల చొప్పున 20 డబ్బాలకు 27 కిలోలు తగ్గింది. మీరు చెప్పిన రేటునే లెక్క కట్టినా అది 4,212 రూపాయలు.

నష్టం అక్కడితో ఆగలేదు. తూకం వేసేనాటికి హోటలుకు 2, మెస్సుకు 5, వంట మేస్త్రికి 4, మొత్తం 11 డబ్బాలు 15 కిలోలవని చెప్పి అమ్మేశాను. ఆ ముగ్గురికీ నేనే కబురు చేసి, తగ్గిన 14 కిలోల 850 గ్రాముల నూనె మిగిలిన డబ్బాల్లోంచి కొలిచి ఇచ్చాను. వాళ్లు అడగకముందే ఇచ్చాననే తృప్తి ఉంది గానీ, అందులో ఒకరు 'ఇదివరకటివి కూడా ఇలాగే ఉన్నాయేమో' అన్న మాట నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

మార్చి 29న మీ దుకాణానికి ఫోను చేస్తే, 'డబ్బా మీద రాసే ఉంది కదా, చూసుకోవలసింది మీరే' అని జవాబిచ్చారు. డబ్బా మీద తప్పు లేదన్న సంగతి నేనూ ఒప్పుకుంటున్నాను. నూనె కంపెనీ లీటర్లూ కిలోలూ రెండూ ముద్రించింది. తప్పు మీ పట్టికలో ఉంది. నూనె విషయంలో ఈ గందరగోళం కొత్తది కాదు. కొందరు తయారీదారులు ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గరి కొలతను పెట్టి లీటరు అని రాస్తున్నారని, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 ఆగస్టులో ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా పరిమాణాన్నీ, దానితో పాటు బరువునూ ముద్రించాలని ఆదేశించింది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే తూగుతుందని ఆ శాఖే ఉదాహరించింది. లీటరుకు 26 గ్రాముల తేడాకే ప్రభుత్వం కదిలితే, డబ్బాకు 1,350 గ్రాముల తేడాను మీరు కొనేవాడి కంటిచూపు మీదకు నెట్టడం న్యాయం కాదు.

మా చెల్లెలు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటుంది. వాళ్లు సరుకు కొనే కాస్ట్‌కోలో ఇళ్లవాళ్లూ చిన్న వ్యాపారులూ రుసుము కట్టి సభ్యులవుతారు. అక్కడ ప్రతి సరుకు ముందు పెట్టే చీటీ మీద మొత్తం ధరతో పాటు ఔన్సుకో పౌనుకో ఎంత పడుతుందో కూడా రాస్తారట. సభ్యత్వం నచ్చకపోతే కట్టిన రుసుము పూర్తిగా తిరిగి ఇస్తారట. 1976లో సోల్ ప్రైస్ అనే వ్యాపారి శాన్ డియాగోలో పాత విమానాల షెడ్డులో ప్రైస్ క్లబ్ తెరిచి, మొదట చిన్న వ్యాపారులకే అమ్మడంతో ఈ పద్ధతి మొదలైంది. రుసుము తీసుకొని అమ్మేవాడు సభ్యుడి పక్షాన ఉండాలి. పెద్ద డబ్బా కొన్నవాడికి కిలోకు ఎంత పడిందో చెప్పడం అందులో మొదటి పని.

ఇక పన్ను సంగతి. నా జీఎస్టీ నంబరు ఒడిశాది, 21తో మొదలవుతుంది. మీ బిల్లులో కొనుగోలుదారు గడిలో ఆ నంబరే ఉంది. సరుకు విలువ 50,000 రూపాయలు దాటినందున మీ కౌంటరువారే తీసిచ్చిన ఈ-వే బిల్లులో (సరుకు రవాణా పత్రంలో) సరుకు చేరవలసిన చోటు పర్లాకిమిడి అని ఉంది. అయినా బిల్లులో ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే సరుకు మీద వేసే పన్ను) వేయకుండా, సరుకు ఆంధ్రప్రదేశ్‌లోనే దిగిపోయినట్టు కేంద్రానికి వెళ్లే సీజీఎస్టీ, రాష్ట్రానికి వెళ్లే ఆంధ్రప్రదేశ్ ఎస్‌జీఎస్టీ వేశారు. నూనె మీద 5 శాతం చొప్పున 2,228 రూపాయల 57 పైసలు, సబ్బులూ పౌడర్ల మీద 18 శాతం చొప్పున 2,754 రూపాయలు, మొత్తం 4,982 రూపాయల 57 పైసలు నేను కట్టాను. మరో రాష్ట్రపు పన్ను నాకు క్రెడిటుగా రాదు, అంటే నేను కట్టవలసిన పన్నులో తగ్గించుకోవడానికి వీల్లేదు. నా కొనుగోళ్ల మీద ఎంత క్రెడిట్ వస్తుందో చూపే జీఎస్టీఆర్-2బీ పత్రంలో ఈ బిల్లు క్రెడిట్ అర్హత లేని భాగంలోకి వెళ్లి కూర్చుంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరికీ పాతపట్నానికీ నడుమ పడిన గీత బజారుకు వచ్చేవాళ్ల కాళ్లకు తగలదు గానీ, బిల్లు రాసేవారికి తప్పకుండా కనబడాలి.

ఈ పొరపాటు సరిదిద్దితే మీకు నష్టం లేదు. పొరపాటున కట్టిన కేంద్ర, రాష్ట్ర పన్నును తిరిగి పొందడానికి సీజీఎస్టీ చట్టం 77వ సెక్షను దారి ఇస్తోంది. బదులుగా కట్టే ఐజీఎస్టీ మీద వడ్డీ ఉండదని ఐజీఎస్టీ చట్టం 19వ సెక్షను చెబుతోంది. కాకపోతే 2024-25 బిల్లులకు క్రెడిట్ నోటు (పాత బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) ఇవ్వడానికీ, నేను క్రెడిట్ తీసుకోవడానికీ 2025 నవంబరు 30 వరకే గడువు ఉంది గనుక, దీన్ని ఆఖరి నెల దాకా లాగవద్దని కోరుతున్నాను.

అదే రోజు 30 కిలోల మినపప్పు మూటలు రెండు, 6,600 రూపాయలకు తీసుకున్నాను. ఉగాది ముందు ఒక మూట విప్పితే పప్పు నిండా పురుగు ఉంది. రెండో మూట సీలు ఇంకా తీయలేదు. వాపసుకు ఏడు రోజులే గడువని, అదీ దుకాణానికి తెచ్చి చూపించాలని మీవారు అన్నారు. 60 కిలోల పప్పు కోసం వ్యాను కట్టుకొని రాలేను. ఫొటోలు ఈ లేఖతో పంపుతున్నాను.

కనుక నూనె తేడాకు పన్నుతో కలిపి 4,212 రూపాయలు నా ఖాతాకు జమ చేయవలసిందిగా, మార్చి 18 నాటి బిల్లుకు క్రెడిట్ నోటు ఇచ్చి ఐజీఎస్టీతో కొత్త బిల్లు ఇవ్వవలసిందిగా, మినపప్పు మూటలు రెండింటికీ డబ్బు తిరిగి ఇవ్వడమో తదుపరి కొనుగోలులో బదులు మూటలు ఇవ్వడమో చేయవలసిందిగా కోరుతున్నాను. వీటన్నిటికంటే ముఖ్యంగా, ఇకముందు మీరు పంపే ప్రతి రేట్ల పట్టికలో నూనెకు లీటర్లూ కిలోలూ రెండూ రాసి, పక్కనే కిలోకు ఎంత పడుతుందో చూపించండి. అలాగే మీ కౌంటరులో 21తో మొదలయ్యే నంబరు కనబడగానే ఒడిశాకు వెళ్లే సరుకుగా గుర్తించేలా బిల్లింగు సరిచేయించండి. మా ఊరి నుంచి మీ దగ్గరకు వచ్చే కిరాణావాళ్లు నేనొక్కణ్ణే కాదు.

ఈ లేఖ అందిన 15 రోజుల లోపల రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. అప్పటికి జవాబు రాకపోతే, రేట్ల పట్టిక ప్రతినీ కాటా ఫొటోలనూ మీ జిల్లా తూనికలు కొలతల శాఖ అధికారికి పంపుతాను. బిల్లు, ఈ-వే బిల్లు, 2బీ పత్రం, వాట్సాప్ పట్టిక నకళ్లు దీనితో జతచేశాను. సీలు తీయని నూనె డబ్బాలు నా దుకాణంలోనే విడిగా పెట్టి ఉంచాను. మీ మనిషి ఎవరు వచ్చినా వారి ఎదుట తూచి చూపిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
కిరాణా, జనరల్ దుకాణం యజమాని,
పర్లాకిమిడి